భూదేవి యోర్పు

మన భాషలో ఓర్పునకు కొలబద్ద భూమి. ఇల్లాలిని మెచ్చుకొనవలసి వచ్చినప్పుడు "భూదేవి యంత యోర్పు గల తల్లి" అందుము. దున్నినను, త్రవ్వినను, తగులబెట్టినను భూమి మాటాడదు గనుక ఈ పోలిక పుట్టినది. పోలిక చక్కనిదే. కాని మాటాడనివారికి బాధ లేదనుకొనుట మనకు పరిపాటి యైపోయినది. ఇంటిలో అట్లే అనుకొందుము. పొలములోను అట్లే అనుకొందుము. తుదకొకనాడు నేల క్రుంగినప్పుడు, నిన్నటివరకు బాగుగనే యున్నదే, ఇంతలో నేమి వచ్చినదని ఆశ్చర్యపడుదుము. నేల ఇంతలో క్రుంగదు. అది చాలకాలము లోలోపల గుల్లయై, కడపటి దినమున మాత్రమే మన కంటబడును. ఆ గుల్ల యెట్లేర్పడునో, అందులో కాలము చేసిన పని యెంతయో, మనము చేసిన పని యెంతయో విచారించుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కడప జిల్లాలో పాపఘ్ని యొడ్డున వేంపల్లె యున్నది. నంది కొండలలో పుట్టిన ఈ యేరు గండి యొద్ద కొండలను చీల్చుకొని వచ్చి, వేంపల్లె మీదుగా సాగి, కమలాపురము చెంత పెన్నలో కలియును. గండి ఆంజనేయస్వామిని ఎరుగనివారు ఆ ప్రాంతమున నుండరు. కాని వేంపల్లె పేరు దేశదేశముల భూగర్భశాస్త్ర గ్రంథములలో నున్నదను సంగతి ఎరిగినవారు కొందరే. విలియం కింగు అను శాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు సీమల రాళ్ళను గూర్చి 1872లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించి, ఈ యూరి చుట్టుపట్ల కానవచ్చు సున్నపురాతి వర్గమునకు ఈ యూరి పేరే పెట్టెను. అది సుమారు 190 కోట్ల యేండ్ల నాటి రాయి. అప్పుడిచ్చట వేంపల్లె లేదు, పాపఘ్ని లేదు, లోతులేని సముద్రముండెను. ఆ నీటిలో కంటికి కానరాని జీవులు నాచువలె పొరమీద పొర పరచినవి. ఆ పొరలే గట్టిపడి రాయియైనవి. నేడును ఆ రాళ్ళలో ఉల్లిగడ్డను కోసినప్పుడు కనబడునట్టి వంపు పొరలు కనబడుచుండును.

వేంపల్లె రాయి అచ్చమైన సున్నపురాయి కాదు. దానిలో మెగ్నీషియము కూడ కలిసియున్నది గనుక దానిని డోలమైటు అందురు. దానికంటె చాల చిన్నవయసు గల సున్నపురాళ్ళు బేతంచెర్ల, జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములందున్నవి. వానినే మనము నాపరాళ్ళనియు, కడపరాళ్ళనియు పిలుచుచున్నాము. తెలుగుదేశములో ఎన్ని వంటయిండ్లలో నేల ఆ రాతిదో లెక్కలేదు. కావున ఈ వ్రాత ఎక్కడనో యున్న కొండలను గూర్చినది కాదు. చదువరి పాదముల క్రింది రాతిని గూర్చినదే.

ఆ రాతికొక గుణము కలదు. అది నీటిలో కరగును. చెప్పినంతనే నమ్మవలసిన పనిలేదు. వంటయింటిలోనే పరీక్షించి చూడవచ్చును. తాంబూలములోనికి వాడు సున్నమును చాల నీటిలో కలిపి, తేరనిచ్చి, పైతేటను ఒక గాజుగ్లాసులో పోయవలెను. బొప్పాయి ఆకుకాడ వంటి గొట్టముతో ఆ తేటలోనికి మెల్లగా ఊదవలెను. పీల్చరాదు, పిల్లలచేత చేయించునప్పుడు పెద్దలు దగ్గర నుండవలెను. మన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలి తగిలి తేట పాలవలె తెల్లనగును. ఆ తెలుపు సున్నపురాతి పొడియే. అక్కడ ఆపక ఓపికతో ఇంకను ఊదుచు పోయినచో తెలుపు విరిగి నీరు మరల తేటపడును. ఏర్పడిన రాయి మరల కరిగినదన్నమాట! అట్లు తేటపడిన నీటిని కాచినచో, పట్టియుంచిన గాలి పోయి, రాయి మరల తెల్లగా దిగును. నీళ్ళ కాగులకు లోపల పట్టు తెల్లని పెచ్చు ఇదియే. కడప, కర్నూలు సీమల యిల్లాండ్రు చింతపండు పెట్టి తోము ఆ పెచ్చు, ఒకప్పుడు ఏ గుట్ట క్రిందనో యుండి, నీటిలో కరిగి, బావిలోనికి వచ్చి, కాగులో మరల రాయియైన పదార్థము.

గ్లాసులో జరిగిన పనియే నేలలో జరుగుచున్నది. వాననీరు ఆకాశమునుండి వచ్చునప్పుడు కొంత, కుళ్ళిన ఆకులును వేళ్ళును గల మంటిలో ఇంకునప్పుడు మరికొంత బొగ్గుపులుసు గాలిని కలుపుకొని స్వల్పముగా పులియును. ఆ పులిసిన నీరు రాతి పగుళ్ళలో దిగి వానిని కొంచెము కొంచెముగా వెడల్పు చేయును. మంచి వానలు గల దేశములలో గూడ ఈ విధముగా వేయేండ్లకు కొలది అంగుళముల రాయి కంటె ఎక్కువ కరగదు. మెగ్నీషియము గల వేంపల్లె రాయి ఇంకను మెల్లగా కరగును. ఐనను కాలమునకు తొందర లేదు. పగులు సందగును; సందు సొరంగమగును; సొరంగము గుహయగును. పైన ఏరులు తక్కువ, లోన ఏరులు ఎక్కువగా నుండు ఇట్టి నేలలకు యూరపులోని ఒక సున్నపురాతి పీఠభూమి పేరునుబట్టి కార్‌స్టు నేలలని పేరు వచ్చినది. సెర్బియా దేశపు పండితుడు యోవాన్ త్స్వియిచ్ 1893లో వానిని గూర్చి గ్రంథము వ్రాసిన పిమ్మట ఆ పేరు లోకమంతటను స్థిరపడినది.

మనకు అంత దూరము పోవలసిన పనిలేదు. కొలిమిగుండ్ల చెంత బెలుం గుహలున్నవి. ఆ చోటు 2022కు ముందు కర్నూలు జిల్లాలోనిది; ఇప్పుడు నంద్యాల జిల్లాలోనిది. రాబర్టు బ్రూస్ ఫుట్ 1884లో వానిని గూర్చి వ్రాసెను. 1982, 1983 సంవత్సరములలో గెబావరు అను జర్మను పరిశోధకుడు తన తోడివారితో వచ్చి లోపలి దారులను కొలిచెను. గుహల పొడవు 3,229 మీటరులని తేలినది. మేము ఆ గుహలోనికి దిగినప్పుడు మొదట గమనించిన దేమనగా, దానికి కొండ పక్కన ద్వారము లేదు. చదునైన పొలములమధ్య బావులవంటి గుంటలున్నవి. అందొకదానిలోనికి మెట్లు దిగి పోవలెను. ఆ గుంటలు ఎవరును త్రవ్వినవి కావు. క్రింద గుహ పెరిగి పెరిగి, పైకప్పు పలుచనై, ఒకనాడు కూలగా ఏర్పడినవి. నేల క్రుంగుట యనగా నేమో నిలిచి చూడవలెనన్న ఆ మెట్లమీద నిలిచిన చాలును. లోపల కడపటి చోట పాతాళగంగ యను సన్నని నీటిపాయ రాతిలోనికి దూరి మాయమగుచున్నది. అట్టి నీరు మరియొక చోట పైకుబికినచో దానిని మనవారు బుగ్గ అందురు. సీమలో బుగ్గ యను మాటతో మొదలగు ఊళ్ళు, వంకలు, గుడులు ఎన్నియో కలవు. మన పూర్వులు శాస్త్రము వ్రాయలేదు గాని, నేల లోపల నీటిదారులున్నవని ఎరిగి పేర్లు పెట్టిరి.

కడప పట్టణము గుండ పారు ఏరు బుగ్గవంక. దాని చెంత, చింతకొమ్మదిన్నె మండలములో, 2015 సంవత్సరాంతమున నేల క్రుంగినది. అంతకు ముందు కొన్నియేండ్లు వానలు సరిగా లేవు. నవంబరులో ఈశాన్యపు వానలు విరుచుకొని పడినవి. నెల్లూరును, చెన్నపట్టణమును ముంచిన కాలమదియే. వానలు వచ్చినవని రైతులు సంతోషించుచుండగనే, పొలములలో గుండ్రని గుంటలు ఒకదాని వెంట నొకటి పడసాగినవి. జనులు హడలిపోయిరి. భూగర్భశాస్త్రజ్ఞులు వచ్చి పరీక్షించి, అది భూకంపము కాదనియు, క్రింద సున్నపురాతి నేల యున్నదనియు, ఏండ్ల తరబడి లోపలి నీటిని అతిగా తోడుటవలన గుల్లలు వట్టిపోగా, ఒక్కపెట్టున కురిసిన వాన మంటిని వానిలోనికి త్రోసినదనియు చెప్పిరి.

ఈ మాట సరిగా బోధపడవలెనన్న రెండు గృహోపమానములు చాలును. గాదె నిండ ధాన్యమున్నది. అడుగున తూము తీసితిమి. మొదట పైన ఏమియు కదలదు. గింజలు క్రిందినుండి జారుచునే యుండును; కొంతసేపటికి పైన నడుమ చిన్న పల్లము, పిమ్మట గుండ్రని గుంట ఏర్పడును. రాతిలోని సందు ఆ తూము. పైనున్న మన్ను ఆ ధాన్యము. మంటికి జిగురుండుటచేత అది గింజలకంటె ఎక్కువకాలము కమానువలె నిలిచి, లోన బోలుపడి, తుదకొక్కసారి కూలును. ఇక రెండవది. బావిలో బిందె నీటిలో మునిగియున్నంతసేపు తేలికగా కదలును. నీటినుండి పైకి రాగానే చేతులు లాగివేయును. నేలలోని మన్నును అంతే. లోపలి నీటిమట్టము పైవరకు ఉన్నప్పుడు నీరే మంటిని కొంత ఎత్తిపట్టును. మట్టము దిగిపోయినప్పుడు మంటి బరువంతయు ఆ బోలు కమాను మీద పడును. ఆపైన పెద్దవాన కురిసినచో మన్ను తడిసి బరువెక్కును, దిగువకు పోవు నీరు తూములోనికి మంటిని ఈడ్చును. ఇక కమాను నిలువదు.

ఇందులో ఒక భేదమును చదువరులు గట్టిగా పట్టుకొనవలెనని మా ప్రార్థన. రాతిలోని గుల్ల కాలము చేసినది. అది మన తాతలకు ముందు, మనుష్యజాతికే ముందు మొదలైనది. అందులో మన పుణ్యపాపములు లేవు. కాని ఆ గుల్లలోనికి మన్ను ఎప్పుడు జారవలెనో, ఎంత వేగముగా జారవలెనో నిర్ణయించుచున్నది ఇప్పుడు మన మోటారులే. కాలము వేల యేండ్లలో తీరికగా చేయదగిన పనిని మనము ఒక తరములో తొందరపెట్టుచున్నాము.

లోకానుభవమును ఇట్లే చెప్పుచున్నది. దక్షిణాఫ్రికాలో జోహానెస్‌బర్గునకు పడమటనున్న బంగారు గనులపై డోలమైటు నేలయున్నది. గనులకు అడ్డని ఆ నేలలోని నీటిని యంత్రములతో తోడిపోసిరి. 1962 డిసెంబరులో వెస్టు డ్రీఫొంటీను గని యొద్ద రాళ్ళు పగులగొట్టు యంత్రశాల యంతయు నేలలోనికి దిగిపోయి 29 మంది మరణించిరి. అమెరికాలోని ఫ్లారిడాలో 2010 జనవరిలో చలి ముదిరి మంచు పట్టగా, స్ట్రాబెరీ తోటలను కాపాడుకొనుటకై రైతులు రాత్రులెల్ల బోరునీరు చల్లిరి. పదునొకండు దినములలో లోపలి నీటిమట్టము 60 అడుగులు దిగెను. ఇంటి బావులు సుమారు 750 ఎండెను. 140కి పైగా నేల క్రుంగి గుంటలు పడెను. ఆ రైతులు దుర్మార్గులు కారు. తమ పైరును దక్కించుకొనవలెనన్న తహతహతో ఎవరికి వారు న్యాయమైన పనియే చేసిరి. అందరును ఒక్కసారి చేయుటచేత అది అనర్థమైనది.

మన సీమలో కథ వేరుగా లేదు. వెనుక కపిలలతో నీరు తోడుకొనెడివారు. ఎద్దు అలసినప్పుడు తోడుట నిలిచెడిది. రాత్రి బావి మరల ఊరెడిది. మోటారునకు అలసట లేదు. కపిల కాలము మరల రావలెనని మేము కోరుట లేదు. ఎద్దుల వెంట దినమెల్ల ముందు వెనుకలు నడిచినవారి కాళ్ళనొప్పులు మాకు తెలియును. కాని ఎద్దు పెట్టిన హద్దును తీసివేసినప్పుడు దాని చోట బుద్ధి యొక హద్దు పెట్టవలసినది. అది పెట్టలేదు. వేంపల్లె, పులివెందుల ప్రాంతములలో చీనీతోటలున్నవి. చీనీచెట్టు ఒక్క కారు పైరు కాదు. ఒక్క వేసవి నీరందక ఎండినచో కొన్నియేండ్ల కష్టము కట్టెలపాలగును. అందుచేత వేసవి వచ్చినదన్న రైతు ఎంత లోతుకైనను పోవును. మేము అచ్చట నొక వృద్ధ రైతును, "పెద్దాయనా, మీ బోరు ఎన్ని అడుగులు?" అని అడిగితిమి. ఆయన నవ్వి, "ఏం చెప్పేది సామీ! మా నాయన బావి నలభై అడుగులు. నేనేసిన బోరు మూడు నూర్లు. నా కొడుకుది ఎనిమిది నూర్లు. నీళ్ళు కిందికి పోయినాయి, అప్పు పైకొచ్చింది" అనెను. మూడు తరముల నీటి చరిత్ర ఇంత క్లుప్తముగా చెప్పినవారిని మేము మరియొకరిని చూడలేదు. ఆ అప్పులో ఇల్లాలి మెడలోనిదియు, చేతులవియు ఎంతవరకు పోయినవో ఆయన చెప్పలేదు, మేమును అడుగలేదు.

ఇట్టి సంగతులు జరిగినప్పుడు మనలో రెండు మాటలు వినబడును. ఒకటి, భూదేవికి కోపము వచ్చినదనుట. రెండవది, బ్రహ్మంగారు ముందే చెప్పినారనుట. వీరబ్రహ్మముగారు ఆ సీమలోనే మసలిన మహానుభావుడు. కులము చూడక దూదేకుల సిద్ధయ్యను ప్రియశిష్యునిగా చేరదీసినవాడని లోకము చెప్పుకొనును. అట్టి మేలుకొలుపు చేసినవారి పేరును మన సోమరితనమునకు దుప్పటిగా కప్పుట న్యాయము కాదు. ముందే వ్రాసియున్నదని అనుకొన్నచో ఇక మనము చేయవలసినదేమియు లేదని తేలును. ఆ తేలిక కొరకే మనము ఆ మాట అందుమేమో! కోపము తెచ్చుకొనునదియైనచో భూమి ఇంతకాలము ఊరకుండదు. ఆమెకు కోపము లేదు, దయయు లేదు. బరువు, నీరు, సందు, ఈ మూటి లెక్క మాత్రమే కలదు. ఆ లెక్క మనము నేర్వదగినది.

నేర్చినవారును కలరు. ఈ శతాబ్దపు మొదటి పదేండ్లలో నాటి ఆంధ్రప్రదేశములోని ఏడు కరవు జిల్లాలలో, కడప, కర్నూలులతో కూడ, రైతులే తమ బోరులలోని నీటిమట్టమును కొలిచి, వానను కొలిచి, ఊరి నీటికి జమాఖర్చులు వ్రాయు పద్ధతి యొకటి సాగినది. అందులో ఆడువారును పాల్గొనిరి. లోపల ఇంత యున్నది, ఈ కారున ఇంతకు మించి వాడరాదు అని తమ చేతి లెక్కయే చెప్పగా, వరి తగ్గించి ఆరుతడి పైరులకు మరలినవారు పలువురు. చట్టమును లేకపోలేదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, దానినే జనులు వాల్టా అందురు, బావులన్నియు నమోదు కావలెననియు, మంచినీటి వనరునకు 250 మీటరుల లోపల అనుమతి లేక క్రొత్త బోరు వేయరాదనియు చెప్పుచున్నది. కాని చట్టము కాగితముమీద నుండును. మోటారు మీట మన చేతిలో నుండును. ఏ యింటిలో ఆదాయవ్యయములు భార్యాభర్తలు కలిసి చూచుకొందురో ఆ యింటికి అప్పు తక్కువ. ఏ యూరిలో నీటి పద్దు అందరును కలిసి చూచుకొందురో ఆ యూరికి గుంట తక్కువ.

సున్నపురాతి సీమలో కాపురముండువారు తెలిసికొనదగినవి మరి కొన్ని కలవు. చదునైన నేలలో గుండ్రని నెఱ్ఱె విచ్చుట, నిలువుగోడకు బీటవారి తలుపు పట్టివేయుట, చెట్టో కంచెరాయో ఉన్నట్టుండి ఒరుగుట, బావినీరు వాన లేకయే బురదయగుట, కుంటలోని నీరు రాత్రికి రాత్రి మాయమగుట, ఇవి నేల చెప్పు చిన్న మాటలు. వినబడినప్పుడు పిల్లలను, పశువులను దూరముగ నుంచి అధికారులకు తెలుపవలెను. గుంట పడినపిమ్మట చెత్తయు, చచ్చిన గొడ్డును తెచ్చి దానిలో పడవేయు వాడుక బొత్తిగా మానవలెను. మామూలు నేలలో ఇంకు నీటిని మన్ను వడగట్టును. ఇచ్చట వడకట్టు లేదు. గుంటలో వేసిన మురికి సొరంగముల వెంట పోయి పొరుగూరి బుగ్గలోనో, మన బావిలోనో తేలును. గుంట పూడ్చవలసి వచ్చినచో తెలిసినవారి సలహాతో అడుగున పెద్ద బండలు, వానిపైన చిన్న రాళ్ళు, పిమ్మట కంకర, ఇసుక, తుదను మన్ను వేయవలెను. అట్లయిన నీరు దిగును గాని మన్ను దిగదు. వట్టి మన్ను పోసిన, తూము తెరచియుంచి గాదె నింపినట్లే.

వేంపల్లె నేల రేపు క్రుంగునని మేము భయపెట్టుట లేదు. ఆ రాయి గట్టిది, మెల్లగా కరగునది. కాని చింతకొమ్మదిన్నె రైతులకును ఆ యేడు వానలు వచ్చువరకు తమ నేలపై అనుమానము లేకుండెను. భూదేవి యోర్పు గొప్పదనుట నిజమే. ఓర్చినన్నాళ్ళు లేదనుకొని, ఓర్వలేనినాడు విధి యనుకొనుట మాత్రము నిజము కాదు. ఈ వేసవిలో బోరు లోతెంతయని అడుగుటకు ముందు, లోపల నీరెంత మిగిలినదో ప్రతి యింటివారును ఒకసారి కొలిచి, గోడమీదనైనను వ్రాసి పెట్టుకొందురుగాక.